తెల్లగీత అవతల

"అంబులెన్సా? నీకేమన్నా మతిపోయిందా?" అన్నాడు పాండురంగ, ముందు సీట్లోంచి కదలకుండానే.

"మతి పోయింది నాకు కాదు. ఒక్కసారి ఇటు తిరిగి ఈ పిల్ల పెదాలు చూడండి. సున్నం రాసినట్టున్నాయి," అంది అతని భార్య సీతాలక్ష్మి.

"చలికి అలాగే ఉంటాయి చెల్లెమ్మా. జనవరి నెలాయె. నా పెదాలూ అలాగే ఉన్నాయి," అన్నాడు వాళ్ళ స్నేహితుడు మహీధర్ స్టీరింగు తిప్పుతూ.

కారు అద్దంలో అతని పెదాలు కనపడ్డాయి. ఇందాక తిన్న ఆవకాయ నూనె ఇంకా వాటి అంచుల్లో మెరుస్తోంది. సీతాలక్ష్మి మొహం తిప్పుకుంది.

మైథిలి తల ఆమె ఒళ్ళో ఉంది. కాళ్ళు కూతురు హాసిని ఒళ్ళో ఉన్నాయి. వెనక వరసలో, గిన్నెల సంచుల మధ్య, మహీధర్ భార్య సరోజిని ముక్కుకి శాలువా అడ్డం పెట్టుకుని కూర్చుంది. కారులో పులిహోర వాసనా, తడిసిన కోట్ల వాసనా కలిసి ముక్కుపుటాలు అదిరిపోతున్నాయి. కిటికీ దించితే హీటరు వేడి పోతుందని మహీధర్ దించనివ్వలేదు.

మైథిలి పడి ఎంతోసేపు కాలేదు. సముద్రపు పాయ మధ్య చిన్న దీవి. అందులో వెయ్యేళ్ళనాటి క్రైస్తవ సన్యాసులు ఒకదాని లోపల ఒకటిగా కట్టుకున్న మూడు రాతి గోడలు. చూడగానే గోపురం లేని గుడికి మూడు ప్రాకారాలున్నట్టు అనిపించి సీతాలక్ష్మి చెప్పులు విప్పబోయింది కూడా. ఆ దీవి పేరు మహీ అని బోర్డు మీద చదివినప్పటినుంచీ మహీధర్ కాలు నేల మీద నిలవలేదు. "చూశావా పాండూ, వెయ్యేళ్ళ కిందటే మన పేరు పెట్టుకున్నారు వీళ్ళు!" అని ఒకటే నవ్వు. మూడు గోడలూ తనూ ఒక్క ఫొటోలో పడాలన్నాడు. దానికి పైనుంచి తియ్యాలి. "మైథిలీ, నువ్వు సన్నగా ఉంటావు, ఆ గోడెక్కమ్మా," అన్నాడు.

రాళ్ళ మీద మంచు గడ్డకట్టి గాజులా ఉంది. "వద్దే తల్లీ, ఎక్కకు," అని సీతాలక్ష్మి అంటూనే ఉంది. కానీ తమ ఇంట్లో చిన్న గది అద్దెకు తీసుకుని చదువుకుంటున్న పిల్ల అది. కారులో ఊరికే తీసుకొచ్చిన పెద్దమనిషి చెప్పిన పని కాదనలేదు. ఎక్కింది. తీసింది. దిగబోతూ జారి, ఎడం పక్కటెముకలు ఒక రాతి అంచుకి తగిలేలా పడింది.

లేచి కూర్చుని నవ్వింది పాపం. "ఏం గాలే ఆంటీ," అంది. మహీధర్ ముందు ఆమె చేతిలోంచి ఫోను తీసుకుని పగిలిందేమో చూసుకున్నాడు, తరవాత ఫొటో బాగా వచ్చిందన్నాడు. పిల్ల కారు దాకా తన కాళ్ళ మీద తనే నడిచింది. కారెక్కాక ఆ నవ్వు ఆగిపోయింది.

"ఎక్కడమ్మా నొప్పి?" సీతాలక్ష్మి మళ్ళీ అడిగింది.

"భుజంల ఆంటీ. ఎడమ భుజంల గుంజుతున్నది."

పడిందేమో పక్కటెముకల మీద. నొప్పేమో భుజంలో. ఈ సంగతేమిటో సీతాలక్ష్మికి అర్థం కాలేదు. అర్థం కానిదేదైనా ఆమెకి చావుకబురులాగే వినిపిస్తుంది. ఫోను రెండుసార్లు వరసగా మోగితే ఎవరో పోయారనుకుంటుంది. హాసిని స్కూలు బస్సు ఆలస్యమైతే కాలవలో పడిందనుకుంటుంది. ఇంటర్‌తో ఆగిన చదువు, ఆగని భయాలు అని మొగుడు నలుగురిలో వేళాకోళం చేస్తాడు, నలుగురూ నవ్వుతారు. నలుగురూ నవ్వుతున్నారంటే భయపడాల్సిందేం లేదని, ఇన్నాళ్ళూ ఆ నవ్వులు ఆమెకి ధైర్యం ఇచ్చేవి. ఇవాళ అవే అడ్డమొచ్చాయి. ఆమె మాటకి ఆ కారులో చిల్లిగవ్వ విలువ లేదు.

"ఒళ్ళంతా చెమటండీ. ఈ చలిలో చెమటేమిటి? నా మాట వినండి, ఫోను చేద్దాం."

పాండురంగ గొంతు తగ్గించాడు, కారు అద్దాల బయట ఎవరో చెవి ఆనించి వింటున్నట్టు.

"ఫోను చేస్తే ఏమడుగుతారో తెలుసా? పేరు అడుగుతారు. ఎక్కడుంటారు అంటారు. ఐర్లాండ్‌లో, నేస్‌లో అంటాం. మరి ఇటెలా వచ్చారు, వీసా ఏదీ అంటారు. అప్పుడేం చెబుతావు? సన్యాసులు పిలిచారని చెబుతావా?"

పొద్దున డండాక్ ఊరు దాటిన కాసేపటికి రోడ్డు అంచున పసుపు గీత పోయి తెల్లగీత వచ్చింది. సరిహద్దు అంటే అంతే. గేటు లేదు, పోలీసు లేడు, పలకరించే నాథుడు లేడు. "ఇదే బోర్డర్! అయిపోయింది! గ్రాండ్!" అని, బాగుందనడానికి ఐరిష్ వాళ్ళనే మాటతో, మహీధర్ హారను కొట్టాడు. అతనిది ఐరిష్ పాస్‌పోర్టు, అతనికి ఏ రంగు గీతైనా ఒకటే. పాండురంగ కుటుంబానికి మాత్రం ఆ తెల్లగీత అవతలిది ఐర్లాండ్ ఉత్తరపు ముక్క, ఇంగ్లీషువాళ్ళ రాజ్యం, దానికి వేరే వీసా. మైథిలికీ అంతే.

ఈ మాట సీతాలక్ష్మి పండగ సెలవుల ముందునుంచీ అంటూనే ఉంది. మఠాలు చూడాలంటే పక్కనే గ్లెండలాఖ్ ఉందిగా అంది. గ్లెండలాఖ్ అందరూ చూసేదే, హాసిని హిస్టరీ ప్రాజెక్టుకి ఎవరూ చూడనివి కావాలి అన్నాడు మహీధర్. వీసా సంగతి నేను కనుక్కున్నా, ఏం పర్లేదు అన్నాడు పాండురంగ.

"కనుక్కున్నానన్నారుగా మీరు?" అంది ఇప్పుడు.

పాండురంగ సీటు బెల్టు సర్దుకున్నాడు.

"మిమ్మల్నే. ఏం కనుక్కున్నారు?"

"ఎవరూ చూడరని కనుక్కున్నాను," అన్నాడు పాండురంగ.

సరోజిని సంచిలో ఏదో సర్దుతున్నట్టు నటించింది. రోడ్డుకి అటూ ఇటూ చలికి బిగుసుకుపోయిన పొలాలు, వాటిలో కదలని గొర్రెలు.

"ఆరేళ్ళే సీతా," అన్నాడు పాండురంగ కొంచెం మెత్తగా. "ఆరేళ్ళు తలొంచుకు పనిచేస్తే సిటిజన్‌షిప్ ఇవాళో రేపో చేతికొచ్చేలా ఉంది. ఇప్పుడు దొంగతనంగా దేశం దాటారన్న ఒక్క మచ్చ పడిందనుకో, మొత్తం బూడిదలో పోసిన పన్నీరే. నీకూ నాకూ ఏముంది, ఇండియా పోయి బతుకుతాం. మరి దాని సంగతేంటి?"

వేలితో హాసినిని చూపించాడు.

"డోంట్ పుట్ దిస్ ఆన్ మీ, డాడ్," అంది హాసిని. పదమూడేళ్ళ పిల్ల. మైథిలి పాదాల్ని రెండు చేతులతో రుద్దుతోంది. "హర్ ఫీట్ ఆర్ లైక్ ఐస్, మామ్. షీ ఈజ్ నాట్ గ్రాండ్."

"నువ్వూరుకో," అన్నాడు తండ్రి.

"ఎందుకు గొడవ? దీనికో ఉపాయముంది," అన్నాడు మహీధర్. పేకాటలో మంచి ముక్క పడ్డవాడి గొంతు. "ఇంకాస్త ఓపిక పడితే డ్రోగెడా చేరిపోతాం. పెద్దాసుపత్రి. మన దేశం, మన మనుషులు. డ్రోగెడా పక్కనే మొనాస్టర్‌బాయిస్ ఉంది చూడు, అదీ పాత మఠమే. అక్కడా రాళ్ళే, అక్కడా గోడలే. అక్కడ పడిందని చెప్పేద్దాం. ఎవడు కాదంటాడు?"

"అబ్బ," అన్నాడు పాండురంగ. మంచినీళ్ళు దొరికినట్టు ఊపిరి వదిలాడు. "అది మాట."

"కాకపోతే అందరూ ఒకే మాట మీదుండాలి. ఆడవాళ్ళు కంగారులో ఏదో ఒకటి వాగకూడదు." అద్దంలోంచి చూశాడు. "హాసినీ, చెప్పమ్మా. మైథిలక్క ఎక్కడ పడింది?"

హాసిని కిటికీలోంచి బయటికి చూసింది.

"హాసినీ, అంకుల్ అడుగుతున్నారు," అన్నాడు పాండురంగ.

"మొనాస్టర్‌బాయిస్."

"ఎప్పుడు?"

"ఆఫ్టర్ లంచ్."

"అక్కడ ఏమేం చూశావు?"

"ఎ హై క్రాస్. అండ్ ఎ రౌండ్ టవర్."

"శభాష్! చూశారా, ప్రాజెక్టుకి కూడా పనికొస్తుంది!" మహీధర్ తన జోకుకి తనే నవ్వాడు. "నువ్వు కూడా ఒకసారి అనుకో చెల్లెమ్మా. నీకు తడబాటెక్కువ."

సీతాలక్ష్మికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఒకరి ప్రాణం ఒళ్ళో కొట్టుకుంటుంటే కూతురు ఎక్కాలు అప్పజెప్పినట్టు అబద్ధం అప్పజెప్పింది. అప్పజెప్పించినవాడు తండ్రి. ఆ పిల్లకి మొదటిసారి అక్షరాలు దిద్దించిన చెయ్యి ఆయనదే. ఇప్పుడు ఆ చెయ్యి ముందు సీటు మీద తాపీగా తాళం వేస్తోంది. ఆ వేళ్ళని చూస్తే ఒంటి మీద జెర్రి పాకినట్టుంది ఆమెకి.

"ఏమండీ, పొద్దున్న అందరి వీసా కార్డులూ తీసుకున్నారుగా. ఈ పిల్ల కార్డు కూడా. ఒకసారివ్వండి, నా దగ్గరుంచుకుంటాను," అంది. మనసులో ఏదో అనుమానం మెదిలింది, అందుకే అడిగింది.

"ఇంట్లో ఉన్నాయి."

"ఇంట్లోనా?"

"వంటింటి ప్రెస్‌లో, అదే అలమరాలో. పప్పుల డబ్బాల వెనక." పాండురంగ మెడ గోక్కున్నాడు. "దారిలో ఎవడైనా ఆపితే కార్డు లేకపోతే మనమెవరమో వాడికేం తెలుస్తుంది? అందుకని."

'సేఫ్‌గా నా దగ్గర ఉంచుతానమ్మా' అంటూ ఈ పిల్ల చేతిలోంచి కార్డు తీసుకోవడం ఆమె కళ్ళారా చూసింది. ఎంత బాధ్యత ఈయనకి అనుకుంది. గడప దాటకముందే ఈయనకి అంతా తెలుసు. తెలిసి, ఏ తప్పూ తెలియని పరాయి పిల్లని కూడా వెంటబెట్టుకొచ్చాడు. వంట సామాను మొయ్యడానికి, ఫొటోలు తియ్యడానికి.

"ఛీ," అంది.

"ఏమన్నావు?"

"ఏం లేదు. ఛీ అన్నాను."

అప్పుడే మైథిలి లేవబోయింది. "ఆంటీ, కక్కొస్తున్నది," అంది.

"అయ్యయ్యో, సీటు! కొత్త కవర్లు! సీతా, డబ్బా పట్టు, డబ్బా!" సరోజిని వెనకనుంచి అరిచింది. "అది కాదు, ఆ స్టీలుది మా అమ్మ పెట్టింది! ప్లాస్టిక్‌ది పట్టు! ఆ పులిహోరది!"

పులిహోర డబ్బాలోనే కక్కుకుంది పిల్ల. పచ్చటి మెతుకుల మీద పచ్చటి నీళ్ళు. సరోజిని ఓకరించి కిటికీ మీద కొట్టడం మొదలుపెట్టింది. "ఆపండీ, ఎక్కడన్నా ఆపండీ, నావల్ల కాదు, ఈ వాసన నేను పీల్చలేను!"

సీతాలక్ష్మి అడిగితే ఆగని కారు సరోజిని వాసన పీల్చలేనంటే ఆగింది.

పెట్రోలు బంకు. పక్కనే చిన్న కొట్టు, కొట్టు వెనక బాత్రూము. సరిహద్దుకి ఇవతలి ఊరు న్యూరీ ఇంకా రాలేదు. సరిహద్దు ఇంకా ముందుంది. సీతాలక్ష్మీ హాసినీ చెరో రెక్కా పట్టుకుని మైథిలిని నడిపించారు. మగవాళ్ళిద్దరూ దిగలేదు. సరోజిని మాత్రం దిగి, చేతికి టిష్యూలు చుట్టుకుని సీటు తుడవసాగింది.

"త్వరగా!" అని కేకేశాడు పాండురంగ. "మొహం కడిగించి తీసుకురా, అంతే!"

బాత్రూములో ఫినాయిలు ఘాటు. నేలంతా తడి. మైథిలి గోడకి జారగిలబడి కూర్చుండిపోయింది. సీతాలక్ష్మి స్వెట్టరు పైకెత్తి చూసింది. పక్కన కమిలిన మచ్చ చిన్నదే. కానీ పొట్ట డోలులా బిగిసి ఉంది. వేలితో ఇలా తాకిందో లేదో పిల్ల కెవ్వుమంది.

"ఇదేంటే తల్లీ... లోపలేదో అయింది. ఇక నేనెవరి మాటా వినను. అంబులెన్సు పిలుస్తాను."

మైథిలి ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ పట్టులో బలం లేదు.

"వద్దాంటీ. మీ కాళ్ళు మొక్కుత. వీసా లేకుంట వచ్చిందని నన్ను ఎనుకకు పంపిస్తరు. కోర్సు సగంల ఉన్నది." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "మా బాపు జగిత్యాల మొత్తం చెప్పుకున్నడు, బిడ్డ ఐర్లాండ్‌ల చదువుతున్నదని. ఏం మొఖం పెట్టుకొని పోవాలె? జర ఓర్చుకుంట. డ్రోగెడ దాంక ఓర్చుకుంట."

కారులో ఉన్నవాళ్ళ మాట కాదనడం తేలిక. ఈ పిల్ల మాట కాదనడం ఎలా? నిజంగానే పంపేస్తే? తనవల్లే ఒక ఆడపిల్ల చదువు మట్టిపాలైతే? వాళ్ళ బాపు ఫోను చేసి, ఏందమ్మా గిట్ల చేసినవు అంటే? మొగుడు అన్నట్టు హాసిని బతుకూ దాంతో పాటే పోతే? భయాలు చీమల బారులా ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఏదీ చిన్నది కాదు. ఏదీ అబద్ధం కాదు.

"మీ బాపుకి కోర్సు కావాలా, కూతురు కావాలా?" అంది చివరికి.

మైథిలి కనుగుడ్లు పైకి వెళ్ళాయి. తల ఒక పక్కకి వాలిపోయింది.

"మామ్!"

"హాసినీ, పో! ఆ కొట్లో ఉన్నావిణ్ణి పిలుచుకురా."

"బట్ డాడ్ సెడ్..."

"డాడ్ సంగతి నేను చూసుకుంటాను. నువ్వు పో!"

కౌంటరు దగ్గరి ముసలావిడ పరుగెత్తుకొచ్చింది. ఒంటి మీద క్రిస్మస్ పండగనాటి దుప్పి బొమ్మ స్వెట్టరు ఇంకా ఉంది. తడి నేల అని కూడా చూడకుండా మోకాళ్ళ మీద కూర్చుని పిల్ల చెంపలు తట్టింది. ఒక్క ముక్క అడగలేదు. ముందు ఫోను చేసింది. అవతలి వాళ్ళు అడిగేవాటికి జవాబులు చెబుతూ, మధ్యలో తలెత్తి, "ఎక్కడ పడిందమ్మా?" అని హాసినిని అడిగింది.

"మొనాస్టర్‌బాయిస్," అంది హాసిని.

తడబడలేదు. తల దించుకోలేదు. అక్కడ తండ్రి లేడు, మహీధర్ అంకుల్ లేడు, భయపెట్టేవాళ్ళెవరూ లేరు. అయినా చెప్పింది. ఆ పిల్ల నోట అది నిజంకన్నా నున్నగా వచ్చింది. ఆ మాట వినగానే సీతాలక్ష్మికి పులిహోర డబ్బాలో చూసినదాన్నే మళ్ళీ చూసినట్టయింది.

"నో," అంది. ఆమెకి ఇంగ్లీషు కూడబలుక్కుంటే తప్ప రాదు. ఇప్పుడు కూడబలుక్కోలేదు. "నో. హియర్ ఓన్లీ. మహీ ఐలాండ్. స్టోన్ వాల్, ఐస్, ఫాల్. స్టమక్ వెరీ హార్డ్. షీ ఈజ్ మై హౌస్ గర్ల్. నేమ్ మైథిలి."

హాసిని తల్లి వంక చూసి, రెండు చేతులతో మొహం కప్పుకుంది.

పాండురంగ వచ్చేసరికి అంతా అయిపోయింది. బాత్రూము గుమ్మంలో నిలబడి ముసలావిడ చేతిలో ఫోనునీ, పిల్లనీ, పెళ్ళాన్నీ చూశాడు. ముసలావిడకి ఒక నవ్వు పారేశాడు. "షీ ఈజ్ గ్రాండ్, గ్రాండ్. వి ఆర్ గోయింగ్," అన్నాడు.

"ఎక్కడికి పోయేది?" అంది ఆవిడ. "కదిలించకండి. వాళ్ళు బయల్దేరారు."

అతను తెలుగులోకి మారాడు. నవ్వు మాత్రం మొహాన అలాగే అతికించి ఉంచాడు, ఆవిడ చూస్తోందిగా.

"ఏం చేశావే?"

"చేశాను."

"అబద్ధం చెప్పాల్సిన ఒక్కచోట నిజం చెప్పావు కదే, దరిద్రురాలా."

"పిల్ల పోతే ఏం చెప్పేవారు? మొనాస్టర్‌బాయిస్‌లో పోయిందని చెప్పేవారా? అది కూడా హాసిని చేతే చెప్పించేవారా?"

"పోవడమేంటి? ఇంత దానికే పోతారా? నీ నోట్లో ఎప్పుడూ చావేనా?"

"నా నోట్లో చావే. మీ నోట్లో ఏముందో చూసుకోండి."

అతని నవ్వు అప్పటికి ఊడిపడింది.

బయటినుంచి మహీధర్ పిలిచాడు. లోపలికి రాలేదు, గుమ్మానికి ఆమడ దూరంలో, కారు తాళాలు చేతిలో ఆడిస్తూ నిలబడ్డాడు. "చెల్లెమ్మా, ఏమీ అనుకోకు. నేనుండటం మంచిది కాదు. వీసా లేనివాళ్ళని దాటించానంటే కేసు నా మీదకొస్తుంది. అసలే మన తెలుగు అసోసియేషన్ ఎన్నికలు. పాండూ, వస్తే ఇప్పుడే రా. రెండు నిమిషాలు ఆగుతా."

సరోజిని కారులోంచి చెయ్యి చాపి మైథిలి బ్యాక్‌ప్యాకు తీసి బంకు గోడ పక్కన పెట్టింది. దాని పక్కన పులిహోర డబ్బా కూడా పెట్టింది.

సీతాలక్ష్మికి నవ్వొచ్చింది. రోత ముదిరితే నవ్వొస్తుందని ఆమెకి అంతవరకూ తెలియదు.

ఆ రెండు నిమిషాలూ అయ్యీ అవకముందే అంబులెన్సు పొలాల మధ్యనుంచి నీలం దీపాలతో వచ్చింది. ఒకతనూ, ఒకమ్మాయీ దిగారు. ఇద్దరూ నవ్వుతూనే వచ్చారు, పేర్లు చెప్పుకున్నారు, పిల్లని పేరు పెట్టి పిలిచారు. ఆ అమ్మాయి మైథిలి పొట్ట మీద చెయ్యి వేసింది. తలెత్తి రెండో అతని వంక చూసింది. అంతే, ఇద్దరి మొహాల్లోనూ నవ్వు ఆరిపోయింది. ఆ తరవాత వాళ్ళు మాట్లాడినవి సీతాలక్ష్మికి తెలియలేదు గానీ, ఆ చేతుల వేగం తెలిసింది. వీసా అని ఎవరూ అడగలేదు. ఏం తిన్నది, ఎప్పుడు పడింది, మందులేమైనా పడవా అని అడిగారు.

"మీరొకరు రావచ్చు," అంది ఆ అమ్మాయి.

"హాసినీ, రా," అంది సీతాలక్ష్మి.

"చిన్నపిల్లని ఎక్కించడానికి లేదు. చోటు ఒక్కరికే."

సీతాలక్ష్మి చుట్టూ చూసింది. బంకు చివర, మహీధర్ కారు వైపు, పాండురంగ హాసినిని మణికట్టు పట్టుకుని లాక్కుపోతున్నాడు. పిల్ల కాళ్ళు నేలకి తన్నిపెట్టింది. "ఐ వాంట్ మామ్! లెట్ గో!" అని ఏడుస్తోంది.

"ఎక్స్‌క్యూజ్ మి సర్," అని పిలిచింది ఆ అమ్మాయి. "మీరు వీళ్ళతో వచ్చారా?"

పాండురంగ ఆగాడు. అంబులెన్సునీ, లోపల స్ట్రెచరునీ, స్ట్రెచరు పక్కన నిలబడ్డ భార్యనీ ఒక్క చూపులో చూశాడు. సీతాలక్ష్మి ఆ చూపు ఎరుగును. కొట్లో వస్తువు చేతిలోకి తీసుకుని, ధర చూసి, మళ్ళీ అరలో పెట్టేసేటప్పటి చూపది.

"నో, నో," అన్నాడు. "వి డోంట్ నో దెమ్. వి జస్ట్ స్టాప్డ్ ఫర్ డీజిల్."

కొట్టు ముసలావిడ నోరు తెరిచింది, మూసింది. హాసిని ఏడుపు ఆపి తండ్రి మొహంలోకి చూసింది. అర్థం కాని భాష విన్నట్టు చూసింది. తరవాత ఇందాకటికంటే గట్టిగా, గొంతు చీలిపోయేలా, "మామ్!" అని అరిచింది.

అంబులెన్సు మెట్టెక్కబోయిన అమ్మాయి కిందికి దిగింది. ఆ మగమనిషిని చూసింది. అతని పిడికిట్లో నలుగుతున్న పిల్ల చేతిని చూసింది. ఆ పిల్ల ఎవరివైపు గింజుకుంటోందో చూసింది. గోడ పక్కన ఇంజను ఆపకుండా ఎదురుచూస్తున్న కారునీ చూసింది.

"ఆ పాప మీ పాపేనా?" అని సీతాలక్ష్మిని అడిగింది.

"యెస్. మై డాటర్."

ఆ అమ్మాయి దగ్గరగా వచ్చి గొంతు తగ్గించింది. "భయపడకండి. మేమున్నాం. పోలీసుల్ని పిలవమంటారా?"

ఆ మాట పాండురంగకి వినపడింది. పట్టు సడలింది గానీ చెయ్యి వదల్లేదు. మొహంలో రక్తం లేదు. "సీతా," అన్నాడు. ఆ ఒక్క పేరూ ఎంత మెల్లగా అన్నాడంటే, పెళ్ళయిన కొత్తలో కూడా ఆయన ఆమెని అలా పిలవలేదు.

మా ఆయన అంటే చాలు. రెండు ముక్కలు. పోలీసులు రారు, ఆరేళ్ళూ నిలుస్తాయేమో, పిల్లని ఒళ్ళోకి తీసుకోవచ్చు. ఆ మాట సీతాలక్ష్మి నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి, చద్ది ముద్దలా అడ్డం పడింది. మింగుడు పడదు, బయటికి రాదు.

"వెళ్ళాలి, ఇక ఆగకూడదు!" లోపలినుంచి రెండో అతను కేకేశాడు. స్ట్రెచరు మీద మైథిలి చెయ్యి పక్కకి జారి వేలాడుతోంది.

"చెప్పండమ్మా," అంది ఆ అమ్మాయి. "ఎవరతను?"